కొసరు

అమ్ముడుపోని సెకన్లన్నీ నా బల్ల మీదికే వస్తాయి.
టైర్ల దుకాణం వద్దన్నవి,
బ్యాంకు బేరమాడి వదిలేసినవి,
ట్రాక్టర్ల కంపెనీ వచ్చే నెల చూద్దామన్నవి.
తెల్లారేలోగా వాటిలో ఏదో ఒకటి పోసి నింపాలి.
రెండు క్షణాలు మూగబోతే చాలు,
మేనేజర్ రోబిడో నిద్రలోంచే ఫోను చేస్తాడు.

మిషిగన్ ఉత్తరపు కొసన, జనవరిలో,
ఐలి కంగస్ వచ్చింది.
బూట్ల మంచు గుమ్మం దగ్గరే దులుపుకుని
బిస్కెట్ల డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.
అందులో బిస్కెట్లు లేవు.
లాభం చూసుకోని సంస్థ అని సర్కారిచ్చిన కాగితం,
నలుగురు సభ్యుల సంతకాలు.
నలుగురిలో ఇద్దరు ఆమె ఆడపడుచులే.

"ఊరికే వేస్తారటగా" అంది.
ఊరికే అన్న ఆ ఒక్క మాటకి
ఆమె గొంతు ఎంత ఖర్చయిందో
నాకు వినబడింది.

నియమాలు చెప్పాను.
ముప్ఫై సెకన్లు. డెబ్బై మాటలు.
ఏ హీటరు కంపెనీ పేరూ ఎత్తకూడదు.
ఫోను నంబరు రెండుసార్లు.
ఎప్పుడు వస్తుందని అడక్కూడదు.

ఆమె రాసుకొచ్చింది నాలుగు పేజీలు.
సరస్సు గడ్డకట్టిన రోజుతో మొదలు.
చేపల గుడిసెని మంచు మీదికి లాక్కెళ్ళడం,
తలుపు సందుల్లో వెయ్‌కో పాత కంబళి కుక్కడం,
గ్యాసు పొయ్యి, దాని బుద్ధిమంతపు నీలి మంట,
పొద్దున్నే సుత్తి పట్టుకొచ్చిన పొరుగాయన,
మంచుకి తొలిచిన కన్నంలో
ఇంకా కదులుతున్న గాలం దారం.

ఇద్దరం కూర్చుని కోశాం.
కంబళి పోయింది. పొరుగాయన పోయాడు.
దారం దగ్గర నా పెన్ను ఆగింది.
ఆమే కొట్టేసింది.
"చేప పడిందా లేదా అని
ఆలోచిస్తూ కూర్చుంటారు జనం" అంది.

చివరికి డెబ్బై ఒకటి తేలాయి.
"కిటికీ రెండు అంగుళాలు తెరవండి"లో
రెండు తీసేద్దామా అన్నాను.
"వద్దు. చేపలు పట్టేవాళ్ళకి అంగుళాలు చెప్పాలి.
వెయ్‌కో తీసెయ్" అంది,
కూరలో ఉప్పెక్కువైందన్నంత మామూలుగా.

గాజు గదిలో కూర్చుని చదివింది.
మొదటిసారి ముప్ఫై ఎనిమిది సెకన్లు.
రెండోసారి ముప్ఫై మూడు.
మూడోసారి మధ్యలో ఊపిరి తీసుకోవడం మానేసింది.
సరిగ్గా ముప్ఫై.

నా దగ్గర మిగిలింది తెల్లవారుజాము మూడు నలభై,
కలప ధరలకీ వాతావరణానికీ నడుమ చిన్న సందు.
చెప్పడానికి సిగ్గేసింది.
ఆగస్టులో రోడ్డు పక్క బండి మీద
డజను మొక్కజొన్న పొత్తులు కొంటే
చేతిలో పెట్టే పదమూడోది లాంటి సంగతి,
అదీ కాస్త వడలింది.
ఆ వేళ ఎవరు వింటారు?
మంచు తోసే లారీ డ్రైవరు,
రొట్టెల బట్టీ దగ్గర కుర్రాడు,
నేను.

ఐలి నవ్వింది, వచ్చాక మొదటిసారి.
"మూడు నలభైకి గుడిసెలో కూర్చునేది ఎవరనుకున్నావు?
కునుకు పట్టకూడదనేగా రేడియో పెట్టుకునేది."

ఫిబ్రవరి పదకొండు.
ఫోన్లో పేరు చెప్పని గొంతు, వెనక గాలి హోరు.
"ఇందాక ఒకావిడ... కిటికీ అనీ..."
కాసేపు ఏమీ లేదు.
"తెరిచాను. తలపోటు తగ్గింది.
చలి మాత్రం చంపేస్తోంది."
ఇంకేం చెప్పాలో తోచనట్టుంది,
"చేపలు పడ్డం లేదు" అని పెట్టేశాడు.

లాగు పుస్తకంలో ఆ గడి నింపాను.
ప్రసారమైంది. రుసుము సున్నా.
పక్కన, ఆడిటరు కూడా చూడని అంచున,
డెబ్బై ఒకటో మాట రాశాను.

మార్చి నుంచి మూడు నలభై తనకే కావాలంటున్నాడు
టైర్ల దుకాణం వాడు, డబ్బిచ్చి.
మార్చిలో కూడా మంచు ఉంటుంది ఇక్కడ.
పుస్తకం తిరగేస్తున్నాను,
ఇంకో సందు కోసం.