తాడు ఏ పద్దు కింద?

ముప్పై ఏళ్లుగా త్రియెస్తేలో
చిన్న దుకాణాల లెక్కలు రాస్తున్నాను.
మూతపడ్డ కాఫీ కొట్ల ఫైళ్లు
నా బీరువా కింది అరనిండా ఉన్నాయి.
వాటన్నిటిలోనూ కాఫీ బాగానే ఉండేది.
ముందుగా చెప్పాల్సింది అది.

నెవియా వచ్చినప్పుడు ఇంకా బస్సు డ్రైవరు కోటులోనే ఉంది.
పందొమ్మిదేళ్లు పదో నంబరు నడిపింది.
సాన్ జాకొమో గుట్ట మీద, మలుపులో,
చెప్పులు కుట్టే అతను ఖాళీ చేసిన గది చూపించింది.
కిటికీ ఒకటే. సముద్రం కనపడదు.
గోడలకింకా తోలు వాసన.
వద్దన్నాను.

కాగితం మీద గీత కొట్టి చూపించాను:
కప్పుకి ఏడు గ్రాముల పొడి, పద్దెనిమిది సెంట్లు.
పాలు, పంచదార, కడిగే నీళ్లు, ఇంకో ఎనిమిది.
అమ్మేది ఒకటీ ముప్పైకి, అందులోనే పన్ను.
మిగిలింది చూసి మురిసిపోకు,
ప్రెగార్ట్స్ గారి అద్దె పద్నాలుగు వందలు
ఒకటో తారీకున నీకంటే ముందే నిద్ర లేస్తుంది.
రోజుకి నూట పది కప్పులు పోతే
ముక్కు నీళ్ల పైన ఉంటుంది.
నూట పదకొండోది నీది.
"ఆ నూట పదకొండో మనిషి ఎవరు?" అన్నాను.
ఈ ప్రశ్న దగ్గరే చాలామంది
టోపీ తీసుకుని లేచి వెళ్లిపోతారు.

ఆమె లేవలేదు.
"ఆ మలుపులో బస్సు నాలుగు నిమిషాలు ఆగుతుంది.
వేళకంటే ముందొచ్చేస్తాం కదా, ఆగాలి.
నేరో చెయ్యడానికి నలభై సెకన్లు,
తాగడానికి రెండు గుటకలు.
పందొమ్మిదేళ్లు అద్దంలో చూశాను వాళ్లని,
అరచేతులు నోటి దగ్గర పెట్టుకుని ఊదుకునేవాళ్లని.
రేవు కూలీలది ఐదూ పది బండి.
ఆసుపత్రి ఆయాలది ఐదూ నలభై.
ఎవరెక్కడ దిగుతారో నాకు తెలుసు.
నీకు తెలిసింది అద్దె ఒక్కటే."

చురుక్కుమనలేదంటే అబద్ధం.

ఆ చలికాలం బోరా వచ్చింది.
తూర్పు గట్ల మీంచి దిగే గాలి అది,
స్కూటర్లనీ చెత్తడబ్బాలనీ
వరసపెట్టి పడుకోబెడుతుంది.
రేవు పక్కన పాలరాతి బల్లల కాఫీహౌసు,
అదీ నా ఖాతాయే,
గాలి తగ్గేదాకా తలుపులు బిగించుకుంది.
నెవియా మాత్రం బస్సు స్తంభం నుంచి తన గడప దాకా
ఒక ఓడ తాడు కట్టింది.
ముసలివాళ్లు దాన్ని పట్టుకుని వచ్చారు,
ఒకరి వెనక ఒకరు, కళ్లు చికిలించి, గాలిని తిడుతూ.
ఆ రోజు చీటీ నా దగ్గరుంది:
మూడు వందల పన్నెండు కప్పులు.
గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకోవాలని
కళ్లం మొహం చూడని మనిషికి ఎవరు నేర్పారో.

ఊరికే చేసిపెట్టలేదులెండి గాలి.
దాని వాటా అది పట్టుకుపోయింది:
తలుపు అద్దం, రెండుసార్లు.
పేరు రాయించిన బోర్డు,
ఇంతవరకు దొరకలేదు.

ఈ ఫిబ్రవరిలో, ఎవరినీ అడక్కుండా,
బస్సు స్టాపుని నలభై మీటర్లు దిగువకి జరిపారు.
తొంభై. ఎనభై ఎనిమిది. తొంభై ఒకటి.
నేను బీరువా కింది అర తెరిచి
జాగా ఉందా అని చూసుకున్నాను.
(అలవాటు. ఆమెకి చెప్పలేదు.)

నిన్నటి రసీదుల్లో,
పాల బిల్లుకీ కరెంటు బిల్లుకీ మధ్య:
తాడు, జనపనార, యాభై మీటర్లు.
దీన్ని ఏ పద్దు కింద రాయను?
ప్రకటనలా? మరమ్మతులా?
పన్నుల ఆఫీసులో ఆ కుర్రాడు
కళ్లజోడు తీసి తుడుచుకుంటూ అడుగుతాడు.

సాయంత్రం గాలి లేచింది.
చాలాకాలానికి పదో నంబరెక్కాను.
దిగి చెయ్యి చాపితే తగిలింది,
తడిగా, గరుగ్గా.
పట్టుకుని ఎక్కాను, నా వయసువాళ్లలాగే తిడుతూ.
"నీది నూట ఆరోది" అంది నెవియా, పలకరింపుగా.
తాగి, ఇంకోటి ఇమ్మన్నాను.
ఇంకా సరిపోదు.
గల్లాపెట్టెకి చెరో పక్కనా నిలబడి
మాట్లాడకుండా గుమ్మం వైపు చూస్తున్నాం.

బయట చీకట్లో
తాడు బిగుసుకుంది.