సముద్రం కనిపించని గది

దోలోర్స్ అక్కా,
పైకొండల చలి మోకాళ్లని కొరుక్కుతింటోందని రాశావు,
ఇక కిందికి దిగిపొమ్మని డాక్టరే అన్నాడని రాశావు.
సరే, వారం రోజులుగా వలెన్సియా అంతా నీకోసం తిరుగుతున్నాను.
చెప్పులు అరిగాయి. ఆ లెక్క నీ ఖాతాలో రాశాను.

మొదటి గది రుస్సాఫాలో.
కింద ఒక బారు, పక్కన ఇంకో బారు,
పైన అర్ధరాత్రి దాటాకే కుర్చీలు జరుపుకునే మనిషి ఎవడో.
"కుర్రవాళ్లకి భలే నచ్చుతుందండీ" అంది గది చూపించే పిల్ల,
నా తెల్లజుట్టు కంటపడి, గొంతు కాస్త తగ్గించి.
పొద్దున్న పది నుంచి రాత్రి తొమ్మిది దాకా ఎండే అని మురిసిపోయింది.
ఈ ఊరు ఎండని బయటివాళ్లకి అమ్ముతుంది.
ఇక్కడ పుట్టినవాళ్లం
కొనుక్కునేది నీడ.
ఆ పిల్లకింకా తెలీదు.

రెండోది పాతబస్తీలో, కోట గుమ్మం వెనక.
అరవై మెట్లెక్కి, గోడకి ఆనుకుని,
ఇంకెన్ని ఉన్నాయి అన్నాను.
"కొంచెమే" అన్నాడు ఇంటాయన.
కొంచెమే అనే మగవాణ్ణి నేను నమ్మను,
పెళ్లిలో గానీ, మెట్ల మీద గానీ.
గది చూడకుండానే దిగొచ్చేశాను.

మూడోది కబన్యాల్‌లో.
ఎందుకు వెళ్లావని అడగకు.
కాళ్లు వెళ్లాయి.
మన వీధిలో ఆకుపచ్చ పలకల ఇల్లు ఇంకా ఉంది,
పలకలు మాత్రం సగం రాలి, పళ్లూడిన నోరులా.
ఇంటివాడు కిటికీ తెరిచి, పక్కకి జరిగి,
"సముద్రం!" అన్నాడు,
తనే తవ్వించి నీళ్లు పోయించినట్టు.
అందుకే నలభై యూరోలు ఎక్కువట.
అది ఆ పూట ఎంత నీలంగా ఉందో అక్కా,
ఏమీ ఎరగనట్టు, ఎవరినీ ఎరగనట్టు.
ఆ రోజు పడవ వచ్చింది.
వల వచ్చింది.
బతిస్తే టోపీ కూడా వచ్చింది.
గది బాలేదన్నాను.
ఏం బాలేదన్నాడు.
కిటికీ, అన్నాను.

నాలుగోది ఊరి అంచున, బెనిమక్లెట్‌లో.
ఇంటాయన పేరు తొనెట్. ట్రాములు బాగుచేసి రిటైరయ్యాడు,
గోళ్లలో నూనె మాత్రం ఇంకా రిటైరవలేదు.
తలుపు తీయకముందే తప్పు ఒప్పుకున్నాడు:
"ముందే చెప్తున్నానమ్మా, సముద్రం కనిపించదు.
ఇటు ఉల్లిమడులు, కాలవ. అటు ఆస్పత్రి గోడ."
అడక్కుండానే అయిదు యూరోలు తగ్గించాడు.
నిజంగా కనిపించదా? అన్నాను.
ఇంకో అయిదు తగ్గించాడు.
మేడెక్కి మెడ చాచినా?
ఇంకో అయిదు.
చలికాలంలో ఆ అంజూర చెట్టు ఆకులు రాల్చాక కూడా?
పాపం, ఆ మనిషి చెవులు ఎర్రబడ్డాయి,
ఇంకో అయిదు తగ్గించాడు.
అప్పుడు నాకు సిగ్గేసింది అక్కా,
నీ దుఃఖాన్ని అడ్డం పెట్టుకుని బేరమాడుతున్నానని.
ఆఖరి అయిదూ వద్దన్నాను.
ఆయనకి అర్థం కాలేదు. నేనూ చెప్పలేదు.

గది చిన్నది. గోడలు చల్లన.
మంచం కాలవ వైపు వేయించాను.
మధ్యాహ్నం రెండింటికి కూడా నేలమీద ఉత్త కాళ్లతో నడవచ్చు.
పదకొండేళ్లుగా నువ్వు కొండల్లో వెతుక్కున్నది
ట్రాము దిగి నాలుగడుగుల్లో దొరికింది చూడు.

ఒక్క సంగతి దాచను.
సాయంత్రం నాలుగింటికి తూర్పుగాలి తిరిగితే
ఉల్లిమడుల మీదుగా ఉప్పువాసన వస్తుంది.
గంటసేపు ఉంటుంది. తలుపేస్తే అరగంట.
దానికి అద్దె తగ్గించమని
ఎవర్ని అడగను?

ఆ గంటకి నేనొస్తాను, పేకముక్కలు పట్టుకుని.
నువ్వు దొంగాట ఆడు, చూడనట్టు ఉంటాను.
దుప్పట్లు మోసుకురాకు, ఇక్కడ వాటికి పనిలేదు.
తురుముపీట తెచ్చుకో, నాది మొద్దుబారింది.
టోపీ తెస్తావో, అక్కడే వదిలేస్తావో, నీ ఇష్టం.
తలుపు వెనక మేకొకటి కొట్టించాను.
క్యాలెండరుకా, అన్నాడు తొనెట్.
ఊఁ, అన్నాను.