లగేజీ టికెట్టు

బెంగుళూరు డ్యూటీలో మూడో సీటు కింద
తడిగుడ్డ చుట్టి తెచ్చినాను
జానెడు పుల్ల.
ముళబాగిలు దాటినాక మనసొప్పక
నాకు నేనే లగేజీ టికెట్టు కొట్టుకున్నాను.
డ్రైవరు నటరాజ మొదలారి ఒకటే నవ్వు:
"పుల్లకు టికెట్టా సామీ,
రేపు కిటికీలో వచ్చే గాలికీ కొడతావు."

విల్లో అంట దాని పేరు.
ఆకు తెల్లగా పుడుతుందంట, తెలుపులో గులాబి మెరుస్తుందంట.
పలమనేరు ఎండకు బతకదన్నాడు నర్సరీవాడు.
అట్లన్నందుకే కొన్నాను.

మార్చిలో నాలుగాకులు.
ఏప్రిల్లో వాటి అంచులు
పెనం మీద మరిచిన అప్పడాలు.
సెలవు రోజున నీడతో పాటు తొట్టి జరిపినాను:
పొద్దున నీళ్ల డ్రమ్ము పక్కన,
మధ్యాన్నం మిద్దె మెట్ల కింద,
ఆపైన గోడవార.
డ్యూటీ రోజుల్లో రెడ్డెమ్మ జరిపేది,
"ఈ సవితిని మొయ్యలేక నా నడుం ఇరిగింది" అని గొణుగుతా,
బియ్యం కడిగిన నీళ్లు మాత్రం దానికే పోస్తా.

వానలకు తేరుకుంది.
తేరుకొని, ఉత్త పచ్చగా అయిపోయింది.
చూసినోళ్లంతా
"గన్నేరు గదా ఇది?"

"కొమ్మలు నరికెయ్, కొత్త చిగురుకే ఆ రంగు"
ఫోన్లో నర్సరీవాడు.
కత్తి తీసినాను.
ఎండాకాలమంతా నీడలెంట తిప్పిన చేతులు
కత్తిని మళ్లీ గూట్లో పెట్టేసినాయి.

ఆ పని షంషాద్ బీ మేక చేసింది.
కార్తీకంలో, తిరపతి నైటు దిగి ఇల్లు చేరేసరికి
తొట్టిలో మోకాలెత్తు మొండి.
షంషాద్ బీ ఏమనాలో తెలీక
గిన్నెడు మేకపాలు తెచ్చి అరుగు మీద పెట్టింది.
రెడ్డెమ్మ టీ కాచింది.
ముగ్గురం తాగినాం.
ఎవరమూ చెట్టు మాట ఎత్తలేదు.

పుష్యమాసం.
చలికి తలుపు బిగుసుకొని
భుజంతో తోస్తే గానీ రాలేదు.
బయట, మొండి నిండా
వడ్లగింజలంత మొలకలు.
తెలుపు. తెలుపులో ఆ రంగు.

రెడ్డెమ్మ మఫ్లరు చుట్టుకొని వంగి చూసింది.
"గులాబి కాదు యా ఇది.
చంటిబిడ్డ నవ్వితే కనపడే
చిగుళ్ల రంగు."
తొమ్మిది నెలలు టికెట్లు కొట్టే నోటికి
ఆ మాట దొరకలేదు.

మేక నోట్లోంచి జారిన తునక ఒకటి
బట్టల బకెట్టులో పడి
దారాల్లాంటి వేళ్లు తొడిగింది.
షంషాద్ బీ అడిగింది, ఇచ్చినాను.
టికెట్టు లేకుండా గోడ దాటిపోయింది.

మిద్దె మీద పెట్టుకుందిప్పుడు,
మేకకు అందకుండా.