నాలుకది పేరు

చిత్తూరు బెల్లం మండీలో ముప్పయ్యేండ్లు
అచ్చు గిల్లి నోట్లో వేసుకుని
ఉప్పు నీళ్ల చెరకో, మాడిన పాకమో
చెప్పేసేవాడు మునెప్ప.
నాలుకది పేరు. పండ్లది అప్పు.

డాక్టరమ్మ ఎక్స్‌రేని వెలుతురుకెత్తింది.
"ఒంట్లో పంటి పింగాణి కన్నా గట్టిది లేదు పెద్దాయనా.
ఎముక విరిగితే అతుక్కుంటుంది,
ఇది అరిగితే మళ్లా రాదు."
"ఇంకేం గట్టి తల్లీ అది!" అన్నాడు.
ఆమె నవ్వి సూది వేసింది.

దూదిలో చుట్టిన దవడపన్ను జేబులో.
పాత అలవాటున మిద్దె మీదికి విసరబోతే
వాకిట్లో మనవరాలు పకపకా నవ్వింది,
ముందుపన్ను ఊగుతా ఉంది దానికి.

గోటి కింద మిగిలిన బెల్లం
ఆ నోటికి అందించబోయి,
తిమ్మిరెక్కిన పెదవితో ఏదో గొణిగి
తొట్టి కాడికి పొయ్యి
చెయ్యి కడుక్కున్నాడు.