కుడివైపు పొగగొట్టం

ఐవీ అల్మారా పైనుంచి ఫొటో దించుతుంది.
వెల్లింగ్‌బరో, పందొమ్మిది వందల యాభై ఆరు,
మార్చి గాలి, చర్చి మెట్లు.
పెళ్ళికొడుకు సిడ్నీ టెబట్
కెమెరా వంక చూడటం లేదు.
మెడ ఎడమకు తిప్పి
పెళ్ళికూతురినే చూస్తున్నాడు.
మనవరాళ్ళు ముచ్చటపడతారు.

ఆమె ఏమీ అనదు.

అప్పటికి అతను బొగ్గు వేసేవాడు,
టోటన్ నుంచి బ్రెంట్ దాకా,
రెండు బాయిలర్ల ఇంజను మీద.
పైన ఒకటి, అందరికీ ఉన్నదే.
దాని కింద ఇంకొకటి,
తల్లికోతి పొట్టని కరుచుకున్న పిల్లలా.
దేశం మొత్తానికి అలాంటివి పదే.

పొగలో ఇంకా వేడి ఉంది కదా,
ఆకాశానికి ఊరికే ఎందుకివ్వాలి
అని ఇస్త్రీచొక్కాల వాళ్ళెవరో లెక్క కట్టారు.
పొగ ముందుకి పోతుంది,
వెనక్కి మళ్ళి కింది పీపాలో పాకుతుంది,
ఒంట్లో మిగిలిన వెచ్చదనం చన్నీళ్ళకి ధారపోసి
సరిగ్గా అతను నిలబడే చోటుకి రెండు బారల ముందు,
కుడి పక్కన, తేలుతుంది.

పిప్పిని మళ్ళీ పిండటం
ఆ ఊళ్ళో ఎవరికీ వింత కాదు.
యుద్ధం అయి పదేళ్ళే.
సిడ్నీ వాళ్ళమ్మ పాత స్వెట్టర్లు విప్పి
కెటిల్ ఆవిరి మీద ఊలు సాగదీసి
మళ్ళీ అల్లేది.
టీ ఆకు రెండుసార్లు మరిగేది.
అందుకే మొదటిరోజు అతనికి కోపం రాలేదు,
ఇది మా అమ్మలాగే ఉందే అనుకున్నాడు.

రెండోరోజు వచ్చింది.

వెనక డెబ్బై బొగ్గు పెట్టెలు.
వైమింగ్టన్ సొరంగంలో
పొగ పిలవని చుట్టంలా లోపలికొచ్చి
కూర్చుంది, లేవలేదు.
ఇంట్లోంచి ఒకణ్ణి పొగబెట్టి పంపడం ఉంది గాని
జీతమిచ్చి మరీ పొగబెట్టడం ఎక్కడన్నా ఉందా?
తడిగుడ్డ చెవికి చుట్టుకుని
కుడి కన్ను మూసి
ఎడమ కంటితో నీటిమట్టం చూశాడు.
అటుపక్క డ్రైవర్ పెట్టిట్
పైపు నములుతూ,
"నాకేం తెలియట్లేదే" అన్నాడు.
దిగేసరికి సగం మొహం నలుపు.
షెడ్డులో అతని పేరు సగం చందమామ.

హోరేస్ మాబట్, బాయిలర్ మేస్త్రి,
ఒకరోజు కింది పీపాలోకి మోకాళ్ళ మీద దూరాడు.
సుత్తి చప్పుడు మొదట గణగణ,
తర్వాత బొదబొద.
బయటికొచ్చి అరచేతిలో ఇనప పెచ్చు చూపించాడు.
బిస్కట్‌లా విరిగింది.
"మరీ చల్లారబెట్టారు పొగని.
వేడిగా ఉన్నంతసేపూ గంధకం నోరు మూసుకుంటుంది.
చెమట పట్టిందా, యాసిడ్."
మరి మిగిలిన బొగ్గెంత అన్నాడు సిడ్నీ.
హోరేస్ రెండు వేళ్ళ మధ్య
చిటికెడు నశ్యం పట్టేంత సందు చూపించాడు.

ఆఖరికి కింది దారి మూసేశారు.
పొగ అన్ని ఇంజన్లకి లాగే ముందునుంచి పోయింది.
పీపాని మాత్రం విప్పలేదు.
ఖాళీగా, చల్లగా,
ఏ పనీ లేని బరువుని
తుక్కుకి పోయేదాకా మోసింది ఇంజను.

సిడ్నీ మెడ కూడా అంతే.
బస్సులో, సినిమాలో, సూప్ తాగేటప్పుడు
తల ఎడమకే.
ఐవీ ఎవరూ చెప్పకుండానే
కుర్చీ అటు మార్చుకుంది.

ఫొటో దగ్గరగా చూస్తే
అతని కుడి చెవి వెనక
పెళ్ళినాటి సబ్బుకీ లొంగని నల్లటి చార.
కాగితం మీద మరకనుకుని
మనవరాళ్ళు చొక్కా అంచుతో రుద్దుతారు.
ఐవీ రుద్దనిస్తుంది.