ఎడమచేతి త్రిభుజం

టోర్స్‌హావ్న్‌లో నవంబరు. నాలుగు కొట్టకముందే చీకటి.
రెండో అంతస్తు ల్యాబ్‌లో
పందొమ్మిదేళ్ల పిల్లల మధ్య
ముప్పై ఆరేళ్ల నేను,
మణికట్టుకి పట్టీ కట్టుకుని.

పదిహేనేళ్లు వలల కొట్టులో పనిచేశాను.
ట్రాలర్లు చింపుకొచ్చిన వలల్ని నేలంతా పరిచి
కన్ను కన్నూ తడిమి
తెగినచోట కొత్త కన్ను అల్లేదాన్ని.
ఇక ముడి వేస్తే చెయ్యి మిగలదన్నాడు డాక్టరు.
అందుకే ఇక్కడ.

హోగ్ని మాస్టారు మొదటి రోజే చెప్పాడు:
తెర మీద కొండైనా, ముఖమైనా
విప్పి చూస్తే త్రిభుజాలే,
అంచుకి అంచు కలిపితే మెష్.
"అంటే వలేగా" అన్నాను.
పిల్లలు నవ్వారు. ఆయన నవ్వలేదు,
బోర్డు మీద వల బొమ్మ గీశాడు.
ముడులన్నీ తప్పు.
పొగమంచు ఎలా వెయ్యాలో పదకొండో వారంలో చెబుతాడట.
కిటికీ అవతల అది ఎప్పుడో వచ్చి కూర్చుంది,
ఎదుటి దీవిని సగం తినేసి.

మొదటి అభ్యాసం: ఒక్క త్రిభుజం.
మూడు బిందువులు, నారింజ రంగు.
దానికి నూట ఇరవై లైన్లు!
బఫర్ కావాలని అర్జీ పెట్టాలి,
అందులో అంకెలు పొయ్యాలి,
ఏ అంకె దేనికో విడమరచాలి,
రెండు షేడర్లు రాసి అతకాలి,
హార్బర్ ఆఫీసులో అనుమతి కాగితానికి తిరిగినట్టు
బల్ల బల్లకీ తిరిగి తిరిగి
చిట్టచివర ఒక్క మాట: గియ్యి.

గియ్యలేదు.
నలుపు.
తప్పుందని కూడా అనదు.
తిట్టినా బాగుండు, ఏం చేశామో తెలిసేది.
అలిగిన మనిషి మౌనం ఇది.

బైనిర్ తన త్రిభుజాన్ని అప్పుడే గిరగిరా తిప్పుతున్నాడు.
టూరిద్ దానికి మూడు మూలలా మూడు రంగులు పూసింది.
నేను సెమీకోలన్లు లెక్కపెడుతున్నాను.
బైనిర్ వచ్చి నా కోడంతా చదివి
"అన్నీ సరిగ్గానే ఉన్నాయే" అన్నాడు.
అంతకంటే భయపెట్టే మాట లేదు.

రాత్రి తొమ్మిది. హీటరూ, నేనూ మిగిలాం.
కాగితం మీద మూడు చుక్కలు పెట్టి
అంకెల వరసలో వేలితో నడిచాను.
కింద ఎడమ. పైన. కింద కుడి.
ఆ దారి వేలికి ముందే తెలుసు!

ఎడమచేతి వాటం నాది.
ముడి వేసేటప్పుడు దారం అటే తిరిగేది,
గడియారం ముల్లు పోయే వైపు.
కొట్టులో ముసలి గూన్‌వోర్
"నీ ముడి సముద్రం అడుగున దొరికినా పోల్చుకుంటా" అనేది.

పాఠం వెనక్కి తిప్పితే ఓ మూల చిన్న అక్షరాల్లో:
అపసవ్యంగా తిరిగితే ముందు వైపు.
సవ్యంగా తిరిగితే వెనుక.
వెనుక వైపు ఎవరూ చూడరు,
గీయడం దండగ.

అంటే, సాయంత్రం నుంచీ అది అక్కడే ఉంది,
నాకు వీపు పెట్టి.

రెండు బిందువులు అటుదిటు చేశాను.
నారింజ!
అరచేతంత. అంచులు మెట్లు మెట్లుగా.
కుర్చీలోంచి లేచిన విసురుకి
కారిడార్‌లో దీపం దానంతటదే వెలిగింది.

కాసేపు చూశాను.
తర్వాత, ఎందుకో,
అంకెల్ని మళ్లీ నా వరసలోకే మార్చి
వెనుక వైపు పారెయ్ అని
మాస్టారు ముందే రాసిచ్చిన లైన్ని కొట్టేశాను.
నారింజ అలాగే ఉంది.
వలకి వెనుక ఉండదు మాస్టారూ,
రెండు వైపులా నీళ్లే.
మార్కులు తగ్గిస్తే తగ్గించండి.

ఆఖరి బస్సుకి ఆరు నిమిషాలుంది.
ఇంకో త్రిభుజం పెట్టాను పక్కనే,
అంచుకి అంచు.