త్వరలో

ఏటుకూరు రోడ్డులో ఇరవై రెండెకరాల చుట్టూ ముళ్లకంచె,
మధ్యలో ఇనుప కమ్మీల మీద నేను నిలబెట్టిన బోర్డు.
నలభై అడుగుల పొడవు, పన్నెండు ఎత్తు.
పెద్ద అక్షరాలు మొదలెట్టే ముందు
చెయ్యి వేడెక్కాలని చిన్న మాటొకటి రాస్తాను ఎప్పుడూ,
లాలాపేటలో మా గురువు ఖుద్దూస్ సాబ్ నేర్పిన అలవాటు.
ఆ రోజు రాసింది: త్వరలో.

ఎరుపు. కింద నల్లటి నీడ.
ఆరిందో లేదో, ఫోను మోగింది.
"పైన పేరు రాయకు వలీ, రెండ్రోజులు ఆగు."

ఆ రెండ్రోజులకి ఇది మూడో వేసవి.

భావన్నారాయణ గారు కమీషన్ కొట్లో
తేజ కాయలు గుప్పిట పట్టి గలగలలాడిస్తూ చెప్పారు:
సముద్రం అవతలి వాళ్లు
మన కారం రుచి చూసి కాదురా రాబోయింది.
కూటమిలో పదకొండు దేశాలు.
ఇక్కడ కాయ నలగ్గొట్టి, రంగూ ఘాటూ పీపాల్లోకి పిండితే
పదకొండు రేవుల్లోనూ సుంకం లేకుండా దిగేది.
ఒక గేటుపాసు, పదకొండు గేట్లు.
మనం విస్తరి ముందు నుంచి లేచొచ్చాం.
పాసు చిరిగింది.
వాళ్లకిక్కడ మిగిలింది ఎండా, కాయా, నువ్వూ నేనూ.

లేచి రావడం తప్పా ఒప్పా అనడిగాను.
ఆయన తుమ్మారు.
మిర్చి యార్డులో అది జవాబు కాదు,
అందరూ తుమ్ముతారు.

మరియబాబు మాత్రం టీ గ్లాసు బల్ల మీద కొట్టి
మంచి పనే చేశారన్నాడు.
బయటి పాలపొడి చవగ్గా వచ్చి పడకుండా ఆగింది,
మా బావమరిది గేదెలు నిలబడ్డాయి, అన్నాడు.
నిజమే. అతని గేదెలు నిలబడ్డాయి.
నా బోర్డూ నిలబడింది.

సుగుణమ్మకి ఆ పదకొండు దేశాల పేర్లు తెలియవు.
తొడిమలు తీసి తీసి మండే వేళ్లని
రాత్రిళ్లు మజ్జిగలో ముంచుకుని కూర్చునే మనిషి.
ఆరొందల మందిని తీసుకుంటారని విని
చీటీ ముందే పాడుకుంది,
నెల జీతం వచ్చేదానిలాగా.
చీటీలోంచి లేచి రావడానికి ఉండదు.
ఇంకా కడుతోంది.

డబ్బు పిరికిదంటారు చదువుకున్నవాళ్లు.
నాకలా అనిపించదు.
అటుపక్క దారి లేని సందులో
నేను మాత్రం కొట్టు అద్దెకి తీసుకుంటానా?

పోయిన నెల ఇంకొకళ్లొచ్చారు,
ముక్కులకి గుడ్డలు కట్టుకుని, తెల్ల కారులో.
వీళ్ల లెక్క తిరగేసిన లెక్క.
బయటి నుంచి సరుకు పంపాలంటే ఇప్పుడు సుంకం గోడ అడ్డం,
కాబట్టి గోడ దూకి లోపలే పొయ్యి పెడతారట.
ఇక్కడే చేసి ఇక్కడే అమ్మడం.
ఇరవై రెండెకరాలు ఎందుకు, నాలుగు చాలు.
తొడిమలు తీసే మిషను వాళ్లే తెచ్చుకుంటారు.
నలభై మంది.

"గోడ దూకొచ్చినోడు
మా కూలి ఆ గోడంత ఎత్తు చేస్తాడా?" అంది సుగుణమ్మ.
ఆ ఒక్క క్షణం ఎవరూ తుమ్మలేదు.

నన్ను పిలిచి పాత బోర్డే చూపించారు.
పైన పేరు రాయమన్నారు.
కింద మాట చెరిపెయ్యాలా అంటే
"ఉండనీ, రంగు కలిసొస్తుంది" అన్నాడు కుర్రాడు.

నిచ్చెనెక్కి చూశాను.
త కింద వత్తు ఎండకి రాలిపోయింది,
లో మీది కొమ్ము పెచ్చులూడి గుడిలాగా మిగిలింది.
రోడ్డు మీద ఆటోవాళ్లు కొన్నాళ్లుగా
తరలి అని చదువుతున్నారట.

అది రేపు దిద్దొచ్చు.
పాత బాకీ వీళ్లనడగలేదు, వీళ్లది కాదు.
అడ్వాన్సు లెక్కపెట్టుకుని జేబులో పెట్టాక
ఈసారి చెయ్యి వేడెక్కకుండానే పేరుతో మొదలెట్టాను.

మొదటి అక్షరం కాస్త వంకర.